కడిగిన గాజు

ల్యాబ్‌లో అందరూ ఆమెను పొదుపమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవారు, ఆమె కూడా పలికేది. సామాను వచ్చిన అట్టపెట్టెను ఎవరైనా చింపబోతే చెయ్యి అడ్డం పెట్టేది. ఒకవైపే రాసిన కాగితం చెత్తబుట్టలో కనిపిస్తే ఆమె ప్రాణం ఊరుకునేది కాదు. "ఈవిడ ఉన్నంతకాలం మన చెత్తబుట్ట ఆకలితో చచ్చిపోతుంది" అని మీసాలాయన నవ్వేవాడు. మీసాలాయన పక్క బల్ల కెమిస్టు. కొలతలు తీసే యంత్రాలన్నీ ఆయన చేతికిందే ఉండేవి. నోరు పెద్దది, మనసు మంచిది, రెండింటిలో దేన్నీ అదుపులో పెట్టుకోవడం ఆయనకు చేతకాదు.

వాళ్ళ పని ఎండతో కరెంటు చేసే పలకలు. మేడల మీద కనిపించే మామూలు నీలం పలకలు కావు. ఇది పెరోవ్‌స్కైట్ అనే పదార్థం. ఉప్పులాంటి పొడులు రెండు మూడు ద్రావకంలో కరిగించి, గాజు మీద చుక్క వేసి గిర్రున తిప్పితే పలచటి పొరగా పరుచుకుంటుంది. కాస్త వెచ్చబెడితే నల్లబడుతుంది. ఆ నలుపే ఎండను తాగి కరెంటు ఇస్తుంది. తేలిక, చవక, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, బాగా పనిచేసే రకాలన్నింటిలో సీసం ఉంటుంది. పలక పగిలి వాన పడిందంటే ఆ సీసం నీళ్ళలోకి, నేలలోకి పోతుంది. పోనీ సీసం తీసేసి తగరం వేద్దామా అంటే, తగరానికి సుకుమారం ఎక్కువ. గాలి సోకితే చాలు, పొద్దున నిగనిగలాడిన పొర మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వెలిసిపోతుంది. ఈ పని చేసేవాళ్ళందరి ఏడుపూ అదే.

ఆ ఏడుపు పొదుపమ్మ బల్ల దగ్గర ఆగింది. ఆమె చేసిన తగరం పలకలు వారాల తరబడి నల్లగానే ఉన్నాయి. మీసాలాయన యంత్రంలో పెట్టి కొలిస్తే కరెంటు కూడా దండిగా వచ్చింది. ఆయన యంత్రాన్ని నమ్మక మళ్ళీ కొలిచాడు. తర్వాత యంత్రాన్ని నమ్మి కుర్చీలోంచి లేచాడు.

ఆమె పద్ధతంతా పొదుపులోంచే పుట్టింది. అదే ల్యాబ్‌లో అంతకుముందు ఏళ్ళపాటు సీసం పలకలే చేశారు. పనికిరాని పాతవి పెట్టెలకొద్దీ గదిలో మూలపడి ఉన్నాయి. పైన నల్లపొర, దాని కింద సున్నంలా తెల్లపూత, దాని కింద గాజు. ఆ తెల్లపూత గట్టిపడాలంటే మండే కొలిమిలో కాల్చాలి, దానికి బోలెడు కరెంటు కావాలి. ఎండతో కరెంటు చేస్తామని చెప్పి ముందు ఇంత కరెంటు తగలేయడమేమిటని ఆమె బాధ. అందుకని పాత పలకల మీది నల్లపొరను కడిగేసి, తెల్లపూతను అలాగే ఉంచి, దాని మీదే తగరం పొర వేసింది. కడగడంలోనూ తన దారి తనదే. అంతకుముందు వాడే ద్రావకం మహా ఘాటు, ఒంట్లోకి పోతే కాలేయాన్ని తినేస్తుంది. దాన్ని మానేసి, ఆల్కహాలు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తటి కుంచెతో తెల్లగా తేలేదాకా తోమింది. ఆ కడిగిన నీళ్ళను కూడా మోరీలో పోయనివ్వకుండా క్యాన్లలో పట్టి మూత బిగించింది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ల్యాబ్ పెద్దాయన ఇవన్నీ వేలు పెట్టి చూపించేవాడు. కొలిమి లేదు, విషపు ద్రావకం లేదు, కొత్త గాజు లేదు, సీసం లేదు అని ఆయన చెబుతుంటే ఆమె తల వంచుకుని కుంచె కడుక్కునేది, గాని చెవులు మాత్రం అటే ఉండేవి.

సీసమంటే ఆమెకున్న పగ చదువుతో వచ్చింది కాదు. నాన్న వయసులో ఉండగా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో పనిచేశాడు. మోటుపనే అయినా శుభ్రం విషయంలో రాజీ లేని మనిషి. సాయంత్రం షెడ్డు వెనక కొళాయి కింద ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని, వేరే బట్టలు తొడుక్కుని గానీ ఇంటిముఖం పట్టేవాడు కాదు. "పెళ్ళికొడుకు బయల్దేరాడు" అని తోటివాళ్ళు ఎగతాళి చేసినా చెవిన పెట్టేవాడు కాదు. ఇంటికి రాగానే పసివాణ్ణి, అంటే ఆమె తమ్ముణ్ణి, ఎత్తి భుజాన వేసుకునేవాడు. భుజం మీద తువ్వాలు ఉండేది. వాడికి పళ్ళు వస్తున్న రోజులు. ఆ తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిద్రపోయేవాడు.

వాడికి నడక ఆలస్యమైంది, మాట ఇంకా ఆలస్యమైంది. డాక్టరు రక్తపరీక్ష రాసేదాకా ఎవరికీ ఏమీ తట్టలేదు. రక్తంలో సీసం ఉందన్నారు. ఇంట్లో నీళ్ళు చూశారు, గిన్నెలు చూశారు, గోడల రంగు గీకి చూశారు. చివరికి బయటపడింది తువ్వాలు. నాన్న రోజూ స్నానం చేసి తుడుచుకునే తువ్వాలు పగలంతా ఆ షెడ్డులో మేకుకు వేలాడేది. నాన్న ఆ పని మానేశాడు. మాట్లాడటం కూడా చాలావరకు మానేశాడు.

ఇప్పుడు అమ్మ లేదు. నాన్న, తమ్ముడు ఆమె దగ్గరే ఉంటున్నారు. సీసం నాన్ననూ వదల్లేదు, మణికట్లు వాలిపోయాయి, చొక్కా బొత్తాలు తనంతట తాను పెట్టుకోలేడు. తమ్ముడే పెడతాడు. వాడికి ముప్పై దాటాయి, కూడికలు రావు, అయినా పైనుంచి కిందదాకా ఒక్క బొత్తం వదలడు. పగలు వాడు తనలాంటివాళ్ళు గుడ్డసంచులు కుట్టే వర్క్‌షాపుకు వెళ్తాడు. వాడిది దారాలు కత్తిరించే పని.

పెద్దాయన ఒక కంపెనీతో మాట్లాడాడు. వాళ్ళు వచ్చి పలకలు చూసి సరేనంటే, ముందుగా ఒక చిన్న భవనం కప్పు మీద పెట్టి చూడాలి. ఏ కప్పు అన్న మాట రాగానే పొదుపమ్మ ఎన్నడూ లేనిది నోరు తెరిచి అడిగింది, తమ్ముడి వర్క్‌షాపు కప్పు. పెద్దాయన కాదనలేదు. ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు నాన్న రెండుసార్లు అడిగాడు. "సీసం లేనిదేనా?" "లేనిదే నాన్నా." కాసేపటికి మళ్ళీ, "బొత్తిగా లేనిదేనా?" "బొత్తిగా." తమ్ముడైతే మర్నాడే వర్క్‌షాపు మేడెక్కి సుద్దముక్కతో చతురస్రం గీసి, రోజూ చీపురు పట్టుకుని దాన్ని ఊడవడం మొదలుపెట్టాడు. అక్క పలక వచ్చే చోటట, అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదట.

కంపెనీవాళ్ళు వచ్చే రోజు దగ్గరపడుతుండగా కడిగిన గాజు అయిపోయింది. పాత పెట్టెలన్నీ ఖాళీ. పొదుపమ్మ మనసు చంపుకుని కొత్త గాజు తెప్పించింది, కొలిమి వెలిగించి తెల్లపూత కాల్పించింది, అదే తగరం పొర వేసింది. అవే పొడులు, అదే ద్రావకం, అవే చేతులు. పొర నల్లగా నిగనిగలాడింది. మధ్యాహ్నానికి వెలిసిపోయింది.

"కొత్త గాజు మంచిది కాదు" అన్నాడు మీసాలాయన. "అమ్మినవాడు మనల్ని ముంచాడు."

ఆమెకూ అలాగే అనిపించింది. గాజుకు ఏదో జిడ్డు పట్టి ఉంటుందని మళ్ళీ కడిగింది. ఆల్కహాలుతో కడిగింది, సబ్బుతో కడిగింది, వేడినీళ్ళతో కడిగింది. ఎంత కడిగితే అంత త్వరగా వెలిసిపోతున్నట్టు ఉంది. అమ్మినవాడికి ఫోను చేసి మీసాలాయన నానా మాటలూ అన్నాడు. అవతలివాడు ఓపిగ్గా విని, తమ గాజులో ఏ లోపమూ లేదని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ల్యాబ్ మొత్తం కొత్త గాజులో ఏ మురికి ఉందో వెతకడంలో మునిగిపోయింది. పాత గాజులో ఏముందో వెతకాలని ఒక్కరికీ తోచలేదు. పొడుల్లో సీసం లేదని పదిసార్లు పరీక్షించారు, అక్కడితో లెక్క తేలిపోయిందనుకున్నారు. అంత చదువుకున్నవాళ్ళు ఇలా పప్పులో కాలేయడం వింతేమీ కాదు. కడగడమంటే శుభ్రమైపోవడమేనని వాళ్ళూ అందరిలాగే చిన్నప్పటినుంచి నమ్ముతున్నారు.

పొదుపమ్మకు ఆ అనుమానం కుంచె కడుగుతుంటే వచ్చింది. కుంచె వెంట్రుకల మొదట్లో లేతపసుపు. నల్లపొరకు నీళ్ళు తగిలితే అందులోని సీసం పసుపు ఉప్పుగా మారుతుంది, దాన్నే ఆమె తెల్లగా తేలేదాకా తోమేది. తెల్లగా తేలడమంటే కంటికి తెల్లగా కనిపించడం. తెల్లపూతకు కంటికి ఆనని కన్నాలు కోకొల్లలు. కుంచె వాటిలోకి పోదు. ఆ ఘాటు ద్రావకమైతే పోయేది. దాన్ని మానిపించింది తనే.

కడిగాక అంచు విరిగిందని పక్కన పెట్టిన కొన్ని ముక్కలు తీసింది. వాటి మీద తగరం పొర పడలేదు, వట్టి తెల్లపూతే. దాన్ని గీకి పలుచటి ఆమ్లంలో నానబెట్టి వడకట్టింది. కొత్త గాజు పూతను కూడా అలాగే చేసి ఇంకో టెస్ట్‌ట్యూబులో పోసింది. రెండింట్లో పొటాషియం అయొడైడ్ నీళ్ళు వేసి కాస్త వెచ్చబెట్టింది. సీసం ఉంటే పసుపు తేలుతుంది, బడిపిల్లలు చేసే పరీక్షే, పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కొత్త గాజుది నీళ్ళలా తేటగా ఉండిపోయింది. కడిగిన గాజుది ముందు మసకబారింది, తర్వాత చల్లారేకొద్దీ అడుగున పసుపు పొడి దిగింది. వెలుతురుకు పట్టి కదిపితే బంగారు రజనులా తళుకుమంది. చూడటానికి ఎంత అందంగా ఉందో, ఆమె గుండెల్లో అంత రాయి పడింది.

అంతా అర్థమైపోయింది. తగరం ద్రావకం చుక్క పడగానే కన్నాల్లో దాగిన సీసం కరిగి పైకి వచ్చి పొరలో కలుస్తోంది. ఆ రవ్వంత సీసమే తగరాన్ని కాపాడుతోంది. సీసం లేని పలక వారాల తరబడి నిలిచింది సీసం వల్లే.

మీసాలాయన ఆ టెస్ట్‌ట్యూబును చాలాసేపు చూశాడు. "పెద్దాయనకు చెప్పాలి మేడమ్" అన్నాడు చివరికి. ఆమెను ఆయన మేడమ్ అనడం అదే మొదటిసారి.

పెద్దాయన చెడ్డవాడు కాదు, చిక్కంతా అదే. చెడ్డవాడైతే ఎదురు తిరగడం సులువు. ఆయన తలుపు వేసి, ఆమెను కూర్చోబెట్టి, మెల్లగానే మాట్లాడాడు.

"చూడమ్మా, మన పొడుల్లో సీసం లేదు. ఉన్నదంతా గాజులో మిగిలిన మచ్చ. మామూలు పలకలో ఉండేదానితో పోలిస్తే ఎంత? వందో వంతు ఉంటుందా?"

"ఎంతుందో ఇంకా కొలవలేదండి."

"కొలుద్దాం. వాళ్ళు వచ్చి వెళ్ళనీ. ముందు చెయ్యి కలపనీ. ఆ డబ్బుతోనే ఇది సరిచేసుకోవచ్చు. రేపు వాళ్ళు అడిగితే చెబుదాం, అడక్కపోతే అబద్ధం ఆడినట్టు కాదు కదా. నీ తమ్ముడి కప్పు కూడా చేజారదు."

నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది, అయినా నచ్చింది. సుద్దగీతల చతురస్రం కళ్ళముందు కదిలింది. "ఆలోచించి చెబుతానండి" అని నీళ్ళు నమిలి బయటపడింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు లోపలి గదిలో బూట్లు తుడుచుకుంటున్నాడు. కంపెనీవాళ్ళు వస్తారని వాడికి తెలుసు, వాళ్ళు వచ్చేది తన వర్క్‌షాపుకు కాదని ఎంత చెప్పినా ఎక్కలేదు. నాన్న ముందుగదిలో మంచినీళ్ళ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుని తాగుతున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని జరిగినదంతా చెప్పింది. పెద్దాయన అన్నది కూడా చెప్పింది. నాన్న ఏదో ఒకటి తేల్చి చెబుతాడని, చెబితే తన నెత్తిన బరువు దిగుతుందని ఆశ.

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "బాగా కడిగావా?" అన్నాడు.

"తెల్లగా వచ్చేదాకా కడిగాను నాన్నా."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"నేనూ కడుక్కునే వచ్చేవాణ్ణి" అన్నాడు.

లేచి లోపలికి వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. బూటు ఎంత మెరుస్తోందో వాడు చూపిస్తుంటే తల ఊపుతూ ఉన్నాడు. ముప్పై ఏళ్ళలో నాన్న ఆ విషయం ఎత్తడం ఆమె ఎరగదు. ఆమె అక్కడే కూర్చుండిపోయింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దునే పెద్దాయన గదికి వెళ్ళి, తాను చెప్పేస్తానని ముందుగానే చెప్పింది. చాటుమాటుగా చేస్తే ఆయనకు ద్రోహం చేసినట్టు ఉంటుందని. ఆయన మొహం నల్లబడింది. "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటలో ఇష్టం ఏమీ లేదు.

కంపెనీ తరఫున ఇద్దరు వచ్చారు, ఒక ఇంజనీరమ్మ, లెక్కలు చూసే ఆయన. నల్లటి పలకను వెలుతురులో పెట్టి చిన్న ఫ్యాను తిప్పి చూపించారు. లెక్కలాయన మొహం వికసించింది. పెద్దాయన గొంతు సవరించుకుని ఆగిపోయాడు. పొదుపమ్మ జేబులోంచి రెండు టెస్ట్‌ట్యూబులు తీసి బల్ల మీది స్టాండులో పెట్టింది.

"ఇది కొత్త గాజుది. ఇది మేము కడిగిన గాజుది. ఈ పసుపు సీసం. మేము వెయ్యలేదు, కానీ ఉంది. ఇది లేకపోతే మా పలక ఒక్క పూట కూడా నిలవడం లేదు."

ఇంజనీరమ్మ ట్యూబు తీసుకుని వెలుతురుకు పట్టి కదిపింది. "అంటే సీసం లేని పలక మీ దగ్గర లేదన్నమాట."

"ఇంకా లేదు" అంది పొదుపమ్మ.

వాళ్ళు మర్యాదగానే కాఫీ తాగి, మర్యాదగానే చేతులు కలిపి వెళ్ళిపోయారు. మళ్ళీ ఫోను చేస్తామన్నారు. అలా అన్నవాళ్ళు చెయ్యరని అందరికీ తెలుసు. ఈ పలకల గురించి అచ్చుకు పంపిన వ్యాసాన్ని పెద్దాయన తన చేత్తోనే వెనక్కి తీసుకున్నాడు. కొన్నాళ్ళు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆ తర్వాత ఒకరోజు బల్ల దగ్గరికి వచ్చి, "పొదుపు మానొద్దు, కడగడం మాత్రం మళ్ళీ మొదటినుంచి చూడు" అని వెళ్ళాడు. మీసాలాయన కొలత యంత్రం పక్కన పొటాషియం అయొడైడ్ బుడ్డి పెట్టుకుని, వచ్చిన ప్రతి గాజునూ అనుమానంగా చూడటం అలవాటు చేసుకున్నాడు. తగరం పొర మాత్రం షరా మామూలే, మధ్యాహ్నానికి వెలిసిపోతోంది.

ఇదంతా ఒక ఎత్తు, తమ్ముడికి చెప్పడం ఒక ఎత్తు. కంపెనీవాళ్ళు వెళ్ళిన సాయంత్రమే చెప్పేయాలనుకుని, నాన్నను వెంటబెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్ళింది. కుట్టుమిషన్లు ఆగిపోయాయి. తమ్ముడు మేడమీద ఉన్నాడన్నారు. నాన్న మెట్ల కమ్మీకి మోచెయ్యి ఆనించి మెల్లగా ఎక్కాడు.

చతురస్రం గీతలు కొత్తగా దిద్ది ఉన్నాయి. లోపల ఆకు లేదు, దుమ్ము లేదు. తమ్ముడు చీపురు పట్టుకుని గీత బయట నిలబడ్డాడు.

"అక్కా, రేపా?"

"లేదురా. ఇప్పుడు రాదు."

"విరిగిపోయిందా?"

"విరగలేదు. సరిగ్గా కడగలేదు. అందులో చెడ్డది ఉండిపోయింది. అలాంటిది నీ నెత్తిన పెట్టలేనురా."

వాడు కనుబొమలు ముడిచి ఆలోచించాడు. "ఎవరు కడగలేదు?"

"నేనే."

"తిట్టారా?"

"కొంచెం."

వాడు చీపురు గోడకు ఆనించి దగ్గరికి వచ్చి ఆమె భుజం తట్టాడు. వర్క్‌షాపులో ఎవరి చేతిలోనైనా గుడ్డ పాడైతే అక్కడి టీచరు అలాగే తడుతుంది.

"ఏం కాదులే" అన్నాడు. "కావాలని చెయ్యలేదుగా."

పొదుపమ్మ నాన్నకేసి చూడకుండా ఉండలేకపోయింది. ఆ మాట తనతో అన్నది కాదని ఆయనకు తెలుసు. ఆ మాట ఎవరి నోట వినాలని ఇన్నేళ్ళూ ఉన్నాడో, వాడి నోటే విన్నాడు. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోవడానికి చేతులు లేవలేదు.

"నాన్నకేమైంది?" అన్నాడు తమ్ముడు. జవాబు కోసం ఆగలేదు. చొక్కా చేతి అంచుతో నాన్న మొహం తుడిచాడు, ఊడిన బొత్తం ఒకటి కనిపిస్తే అది కూడా పెట్టాడు. తర్వాత చీపురు అందుకున్నాడు.

"నువ్వు మళ్ళీ కడుగక్కా" అన్నాడు. "నేను ఊడుస్తా ఉంటా."